ఒకటో స్థాయికి కృతజ్ఞత కూడిక

నా ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగ జీవితంలో పదిమంది ముందు నిలబడి పొరపాటు ఒప్పుకున్నది ఒక్కసారే. అది కార్యాలయంలో జరగలేదు. ఒక షామియానా కింద, ఎదుట ఊరంతా కూర్చుని ఉండగా, వెనుక బిరియానీ దమ్ము మీద ఉండగా జరిగింది. కొత్తగా ఉపాధ్యాయ వృత్తిలోకి వచ్చిన మీకు ఆ సంగతి చెప్పవలసి ఉన్నది. ప్రామాణిక పరీక్షల ఫలితాల కార్డులు ఇప్పుడు మీ బల్లల మీదకు తరచుగా వస్తున్నాయి. వాటిని ఎలా చదవాలో మీకు శిక్షణలో నేర్పుతున్నారు. ఎలా పంచిపెట్టకూడదో చెప్పే అర్హత మాత్రం నాకున్నంతగా మరొకరికి లేదని నా గట్టి నమ్మకం.

విడవలూరు నుంచి సముద్రం వైపు వెళ్ళే దారిలో, రోడ్డుకు రెండువైపులా రొయ్యల గుంటలు మొదలయ్యే చోట ఉన్న ఒక ప్రాథమికోన్నత పాఠశాలకు నేను ప్రధానోపాధ్యాయురాలిని. క్రమం నా బలహీనత అని తోటివారు అనేవారు. అదే నా బలమని నేను అనుకునేదాన్ని. నా గదిలో సుద్దముక్కలు సైతం పొడవును బట్టి పెట్టెలో వరుసగా ఉండేవి. హాజరు పట్టీలో ఒక్క కొట్టివేత కనిపిస్తే ఆ పూట నాకు అన్నం సహించేది కాదు. మా లెక్కల టీచరు వయసులో నా కూతురంతటిది, నవ్వితే వరండా చివరిదాకా వినిపించే మనిషి. "మేడమ్, మీరు తుమ్మినా ఆరోహణ క్రమంలోనే తుమ్ముతారు" అని ఆమె ఒకసారి అన్నది. నేను నవ్వలేదు. కానీ ఆ ఆరోహణ క్రమమే చివరకు నా కొంప ముంచింది.

ఆ సంవత్సరం మా ఐదో తరగతి పిల్లలు ఒక ప్రామాణిక పరీక్ష రాశారు. అందరికీ ఒకే ప్రశ్నలు, ఒకే సమయం. జవాబులు గుండ్రాలు నింపే పత్రం మీదనే పెట్టాలి. కొన్ని నెలలకు ఫలితాలు వచ్చాయి. ఒక్కో బిడ్డకు ఒక్కో కార్డు, కార్డు మీద ఒకే ఒక్క అంకె: స్థాయి ఒకటి, రెండు, మూడు లేదా నాలుగు. ఏ స్థాయికి ఏమి అర్థమో వివరించే చిన్న పుస్తిక ఒకటి వాటితోపాటు వచ్చింది. ఒకటో స్థాయి అంటే తరగతికి కావలసిన మెట్టును ఇంకా అందుకోలేదని, సాయం కావాలని. రెండు అంటే దగ్గరకు వచ్చినట్టు. మూడు అంటే అందుకున్నట్టు. నాలుగు అంటే నేర్చుకున్నదాన్ని కొత్త సందర్భంలో సైతం వాడగలరని. అంటే ఇవి ర్యాంకులు కావు, మెట్లు. తరగతి మొత్తం నాలుగో మెట్టు మీద నిలబడినా ఆ మెట్టు విరగదు. పుస్తికను నేను శ్రద్ధగా చదివాను. తరువాత ఎర్ర లేబులు అంటించి, సూచికలో సంఖ్య వేసి, బీరువాలో పెట్టి తాళం వేశాను. ఊరిలో మరెవ్వరూ దానిని చదవలేదన్న విషయం నాకు తట్టలేదు.

శుక్రవారం తల్లిదండ్రుల సమావేశం. కార్డులను క్రమంలో పేర్చాను. ఏ క్రమంలోనో మీరు ఊహించగలరు. ఒకటో స్థాయి పిల్లలను మొదట వేదిక మీదకు పిలిచాను.

చప్పట్లు పెంకులు ఎగిరిపోయేటట్టు మోగాయి. రెండో స్థాయికి కొంత తగ్గాయి. మూడో స్థాయికి మర్యాదకు నాలుగు వినిపించాయి. నాలుగో స్థాయిలో మా పాఠశాల మొత్తానికి ఒకే ఒక్క అమ్మాయి. ఆమె తల వంచుకుని వచ్చి కార్డు తీసుకుంటుంటే పంకా తిరుగుతున్న శబ్దం వినిపించింది. వెనుక వరుసలో ఆమె తండ్రి లేచి, తువ్వాలు దులుపుకుని బయటకు వెళ్ళిపోయాడు.

నేను ఏమనుకున్నానో దాచకుండా చెబుతాను. వెనుకబడిన పిల్లలకు ఇంతగా ధైర్యం చెప్పి, ముందున్న బిడ్డకు గర్వం తలకెక్కకుండా మౌనం పాటించిన ఈ ఊరి సంస్కారం ఎంత గొప్పదో కదా అని నా కళ్ళు చెమర్చాయి. ఆ మాటను అక్షరాలా నా దినచర్య పుస్తకంలో రాసుకున్నాను. అది ఇప్పటికీ ఉన్నది. చింపివేయడం క్రమం కాదు కనుక ఉంచాను.

మరునాడు ఉదయం బడి గంట కొట్టకముందే ఒక అవ్వ వచ్చింది. నెల్లూరు మార్కెట్టులో చేపలు అమ్మే మనిషి, మాట తూకం వేసినట్టు ఉంటుంది. ఆమె మనవడిది ఒకటో స్థాయి. ఒక చేతిలో మలై కాజాల పెట్టె, రెండో చేత్తో మనవడి చెయ్యి పట్టుకుని నా గదిలోకి వచ్చింది.

"మేడమ్మా, నోరు తీపి చేసుకో. రేపు ఆరాధన అయిపోగానే మా ఇంటికాడ కృతజ్ఞత కూడిక పెట్టినా. పాస్టరుగారొస్తారు. నువ్వు రెండు మాటలు చెప్పాల. వీడి గురించి."

"వీడి కార్డు గురించా?"

"మరి? మా ఇంట్లో యిట్టాంటిది ఎప్పుడన్నా వచ్చిందా?"

మనవడు నేలమీది గళ్ళు లెక్కపెడుతున్నాడు. మందలించవలసిన చోట పండుగ చేసే ఈ అవ్వ విద్యా మనస్తత్వ శాస్త్రం ఎక్కడ చదివిందా అని ఆశ్చర్యపోతూ, వస్తానని మాట ఇచ్చాను. కాజా తిన్నాను. బాగుంది.

నాలుగో స్థాయి అమ్మాయి ఆ రోజు బడికి రాలేదు. అంతవరకు ఆమె హాజరులో ఒక్క ఖాళీ లేదు. పట్టణంలోని గురుకుల పాఠశాలలో ఆరో తరగతికి ఆమె ప్రవేశ దరఖాస్తు నా బల్ల మీద సిద్ధంగా ఉన్నది. తండ్రి సంతకం ఒక్కటే మిగిలింది. గడువు సోమవారం. సంతకం చేయడానికి శుక్రవారమే రమ్మన్నాను. ఆయన సమావేశం మధ్యలో వెళ్ళిపోయాడు కదా.

సాయంత్రం లెక్కల టీచరు స్కూటరు వెనుక కూర్చుని, దరఖాస్తును, పుస్తికను సంచిలో పెట్టుకుని గుంటల వైపు బయలుదేరాను. ఆ తండ్రి ఒక గుంట మీద మేత వేయించి, రొయ్యల ఎదుగుదల చూసే పని చేస్తాడు. మేము వెళ్ళేసరికి మోకాటి లోతు నీళ్ళలో విసురు వల సరిచేసుకుంటున్నాడు. అమ్మాయి గట్టు మీద పిన్ని బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది.

"సంతకం కోసం వచ్చాము" అన్నాను.

"వద్దులెండి మేడమ్." ఆయన నా వైపు చూడలేదు. "నాలుగో లెవలొచ్చిన బిడ్డని గురుకులానికి పంపిచ్చి ఏం చేసేది? ఆడ కూడా నవ్వుతారు. ఇంటి దెగ్గిరే ఉండనీండి."

"నాలుగు వస్తే నవ్వడమేమిటి? అది అన్నిటికన్నా పైది."

ఆయన వల దించి, నన్ను జాలిగా చూశాడు. "మీరు పెద్దోళ్ళు. ఓదార్చేదానికి చెప్తుండారు."

లెక్కల టీచరు పగలబడి నవ్వింది. "అన్నా, నేను పదేళ్ళుగా ఈ మేడమ్ దగ్గర పనిచేస్తున్నా. నేను కాలు విరిగి కట్టుతో వస్తే సెలవు చీటీ ఏదని అడిగారు. ఆమెకు ఓదార్చడం రాదు."

"అట్టయితే ఒకటో లెవలోళ్ళని ముందెందుకు పిలిచినారు?"

"క్రమం కోసం" అన్నాను.

"యాడన్నా చివరోళ్ళని ముందు పిలుస్తారా మేడమ్?"

ఆయన అక్కడితో ఆగలేదు. తడి వేళ్ళు ఒక్కొక్కటే మడుస్తూ నాకు పాఠం చెప్పాడు. "మా గుంటలో కౌంటు చూస్తాము. కిలోకి ఎన్ని తూగితే అంత కౌంటు. ముప్పై కౌంటంటే బలిసిన రొయ్య. నూరు కౌంటంటే నలుసు. అంకె తగ్గేకొద్దీ సరుకు మంచిది. అట్టాంటిది ఒకటంటే ఇంక చెప్పేదేముండాది? కిలోకి ఒకటే తూగేది! ఊరంతా అదే అనుకుంటుండారు. అవ్వ మనవడు కిలోకి ఒకటంట!"

నా దినచర్యలోని సంస్కారం ఆ క్షణాన గుంటలో పడి మునిగిపోయింది. చప్పట్లు, మౌనం, మలై కాజా అన్నీ ఒక్కసారిగా తలకిందులయ్యాయి. లెక్కల టీచరు గట్టు మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతున్నది. "మేడమ్... ఆరోహణ క్రమం..." అని మాత్రం వినిపించింది.

ఆయన పని ఆయనకు ఉన్నది. మేత తట్ట దగ్గర వల విసిరి, పడిన రొయ్యలను తూచి లెక్కపెట్టాడు. "నలభై" అన్నాడు సంతోషంగా.

గట్టు మీది నుంచి అమ్మాయి నోరు విప్పింది. "నాయనా, ఆడొక్క చోటే వెయ్యబాక. మేత కాడికి పెద్దవే తోసుకోని వస్తాయి. చిన్నవి అంచుల్లో ఉంటాయి. నాలుగు మూలల్లో ఏసి కలిపి తూయి."

"ఊరుకోమ్మా" అన్నాడు గానీ, నాలుగు మూలలా విసిరాడు. కలిపి తూచి లెక్కపెడితే యాభై ఐదు తేలింది. ఆయన రొయ్యలను చూశాడు, బిడ్డను చూశాడు, మళ్ళీ రొయ్యలను చూశాడు.

నేను సంచిలోంచి పుస్తిక తీసి నాలుగో స్థాయి వివరణ చదివాను: "నేర్చుకున్న విషయాన్ని పరిచయం లేని సందర్భానికి అన్వయించగలరు."

"అంటే?"

"ఇప్పుడు జరిగిందే అన్నా" అన్నది లెక్కల టీచరు. "ఈ గుంట లెక్క మా పుస్తకంలో యాడా లేదు. పాప సొంతంగా చెప్పింది."

ఆయన ముఖంలో ఏదో వెలగబోయి ఆగిపోయింది. దరఖాస్తు అందుకున్నాడు. సంతకం చేయలేదు. "మేడమ్, నాకొక్కడికే చెప్తే అది ఓదార్పు. రేపు అవ్వ కూడికలో అందరి ముందర చెప్పండి. అవ్వ ముందర చెప్తే నిజం. అప్పుడు పెడతా."

తిరుగు ప్రయాణంలో లెక్కల టీచరు అడిగింది. "రేపు ఏం చెప్తారు మేడమ్?"

"ఇంకా నిర్ణయించలేదు."

"అవ్వ చేపల కత్తి చూశారా?"

దారి చూసి నడపమన్నాను. నిజానికి చూశాను.

ఆదివారం మధ్యాహ్నానికి అవ్వ ఇంటి ముందు షామియానా వెలిసింది. ఎర్ర కుర్చీలు వరుస తప్పి ఉన్నాయి. మొదటిసారి వాటిని సరిచేయాలని నాకు అనిపించలేదు. మనవడు కొత్త చొక్కాలో మొదటి వరుసలో కూర్చున్నాడు. అమ్మాయి, ఆమె తండ్రి చివరి వరుసలో కూర్చున్నారు. దరఖాస్తు నాలుగు మడతలై ఆయన జేబులో కనిపిస్తున్నది. నాలుగు మడతలు! మరొక రోజయితే దాని గురించి ఒక ఉపన్యాసం ఇచ్చేదాన్ని.

పాస్టరుగారు ప్రార్థన చేశారు. "ప్రభువా, ఈ బిడ్డను ఒకటో స్థాయిలో నిలబెట్టిన నీ కృపకు స్తోత్రం" అన్నారు. అందరూ "ఆమెన్" అన్నారు. నేను కళ్ళద్దాలు తుడుచుకున్నాను. అప్పుడు అవ్వ లేచి, "మా మేడమ్మ మాట్లాడతాది" అని నా చేతికి మైకు ఇచ్చింది.

"సభకు నమస్కారం. విద్యార్థుల అభ్యసన సామర్థ్యాల మూల్యాంకనంలో స్థాయీకరణ అనేది..." అని మొదలుపెట్టాను. రెండు నిమిషాలయ్యేసరికి ఒక పెద్దాయన కునుకు తీయసాగాడు. లెక్కల టీచరు నా చీర చెంగు లాగింది. "మేడమ్, గుంట భాషలో."

కళ్ళద్దాలు తీశాను. తీస్తే ముఖాలు మసకబారతాయి, ధైర్యం వస్తుంది. "మీ కౌంటులో అంకె చిన్నదైతే రొయ్య పెద్దది. నా కార్డులో అంకె చిన్నదైతే రొయ్య చిన్నది. నాలుగు అన్నిటికన్నా పైది. ఒకటి అన్నిటికన్నా కిందిది. శుక్రవారం నేను కింది నుంచి పిలిచాను. ఏది పైదో, ఏది కిందిదో చెప్పలేదు. తప్పు కార్డుది కాదు, మీది కాదు. నాది."

అవ్వ లేచి నిలబడింది.

"అంటే మావోడు చిన్న రొయ్యా?"

"ఎదగవలసిన రొయ్య" అన్నాను.

అవ్వ మనవడి వైపు తిరిగింది. "నీకు తెలుసా రా?"

"తెలుసవ్వా" అన్నాడు వాడు, కొత్త చొక్కా గుండీ తిప్పుతూ. "పరీక్షనాడే తెలుసు. ప్రశ్నలు చదవలా. గుండ్రాలు ముగ్గు మాదిరి నింపినా. సక్కంగా వచ్చింది."

ఆ పత్రం నాకు వెంటనే గుర్తుకు వచ్చింది. పరీక్ష గదిలో దానిని పైకెత్తి చూపి, "శుభ్రతంటే ఇలా ఉండాలి" అని తక్కిన పిల్లలకు చెప్పింది నేనే.

"తెలిసి ఎందుకు చెప్పలేదురా?"

"నువ్వప్పటికే బిరియానీ చెప్పేసినావు గదా అవ్వా!"

మొదట నవ్వింది ఎవరో నాకు తెలియదు. చివరి వరుసలో అమ్మాయి తండ్రేనని లెక్కల టీచరు సాక్ష్యం చెబుతుంది. తరువాత షామియానా మొత్తం ఊగింది. కునుకు తీస్తున్న పెద్దాయన ఉలిక్కిపడి లేచి, ఏమైందో తెలియకుండానే అందరికన్నా ఎక్కువ నవ్వాడు. "కిలోకి ఒకటే!" అని ఎవరో అరిచారు. అవ్వ కొంగుతో మనవడిని ఒకటి చరిచి, తనే నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడింది. నేను సైతం నవ్వాను. నాకు అలవాటు లేని పని కనుక మైకు కట్టేయడం మరచిపోయాను. నా నవ్వు పక్క వీధికి వినిపించిందని తరువాత చెప్పారు.

నవ్వులు సద్దుమణిగాక పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు. "మనం దేవునికి ముందే కృతజ్ఞత చెల్లించేశాము. వెనక్కి తీసుకోవడం కుదరదు. ఇక ఆ పిల్లవాడిని పైకి తీసుకువెళ్ళడం ఆయన బాధ్యత."

"ఆయనది సరే" అన్నది అవ్వ. కొంగుతో కళ్ళు తుడుచుకుని నా వైపు వేలు చూపింది. "నలభై రోజులకి రొయ్య చిన్నదిగా ఉంటే గుంట పూడుస్తామా? మేత మారుస్తాం. ఈ పిలకాయలకి మేత ఏసేదెవురు? నువ్వే గదా మేడమ్మా?"

వేలు నా మీదనే నిలిచి ఉంది. నా సర్వీసులో ఎన్నో తనిఖీలు ఎదుర్కొన్నాను. ఇంత సూటిగా నన్ను ఎవరూ తనిఖీ చేయలేదు. ఒక్క పరీక్ష అంటే ఒక్క రోజు ఒక్క చోట వేసిన వల. వల ఎక్కడ పడిందో చూసుకోవాలని నిన్న గట్టు మీద పదేళ్ళ అమ్మాయి చెప్పింది. వలలో పడినదాన్ని చూసి ఏం చేయాలో ఇప్పుడు అవ్వ చెప్పింది. పుస్తికలో పది పేజీలున్న విషయం ఈ ఇద్దరి నోట రెండు మాటల్లో తేలిపోయింది.

"నేనే" అన్నాను. "రేపటి నుంచి బడి అయ్యాక ఒక గంట. ముగ్గులు నిషిద్ధం."

చివరి వరుస నుంచి అమ్మాయి తండ్రి నడిచి వచ్చాడు. మూత తీయని బిరియానీ డేగిసా పక్కన బల్ల మీద దరఖాస్తు పరిచి, మడతలు అరచేత్తో సాపు చేశాడు. లెక్కల టీచరు పెన్ను ఇచ్చింది. ఆయన పేరు పూర్తిగా, ఒక్కో అక్షరం దిద్దినట్టు రాశాడు. ఆవిరికి సిరా కొద్దిగా పాకింది. మరకపడిన దరఖాస్తులను తిప్పి పంపడంలో మండలంలోనే పేరున్న దాన్ని నేను. ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకున్నాను.

అమ్మాయి పక్కనే నిలబడి చూస్తున్నది. "మేడమ్, ఈసారి నాలుగు కాడ నుంచి పిలుస్తారా?" అని మెల్లగా అడిగింది.

"ఎవరినీ పిలవను. ఎవరి కార్డు వారి ఇంటికి తెచ్చి, చదివి, అర్థం చెప్పి ఇస్తాను."

"అప్పుడు చప్పట్లుండవు గదా?"

"ఉండవు."

"బిరియానీ?"

ఆ విషయంలో నేను హామీ ఇవ్వలేదు.

సోమవారం దరఖాస్తును నేనే పట్టణానికి తీసుకువెళ్ళి ఇచ్చాను. అమ్మాయి ప్రవేశ పరీక్షలో నెగ్గి గురుకులానికి వెళ్ళింది. ఆమె కార్డుకు తండ్రి ప్లాస్టిక్ తొడుగు వేయించి, మోటారు షెడ్డులో కౌంటు పట్టిక పక్కన వేలాడదీశాడు. రొయ్యలు కొనడానికి వచ్చిన ప్రతివాడికీ, "అది చిన్నదయ్యేకొద్దీ మంచిది, ఇది పెద్దదయ్యేకొద్దీ మంచిది" అని చెప్పకుండా బేరం మొదలుపెట్టడని విన్నాను. మా బీరువాలోని పుస్తికకు ఎర్ర లేబులు తీసేశాను. అది ఊరంతా తిరిగి, అట్ట ఊడి, పసుపు మరకతో నా దగ్గరకు వచ్చింది. దానిని అలాగే ఉంచాను.

మరుసటి సంవత్సరం ఆరో తరగతికి సైతం ఆ పరీక్ష పెట్టారు, కార్డులు మళ్ళీ వచ్చాయి. అవ్వ ఇంటికి వెళ్ళి, గుమ్మంలో నిలబడి, అంకెను, దాని అర్థాన్ని చదివి చెప్పాను. మనవడికి రెండో స్థాయి వచ్చింది. అవ్వ కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది.

"పైకేనా పోయింది?"

"పైకే."

"అయితే ఆదివారం కూడిక. బిరియానీకి ఆ పాప నాయన ముప్పై కౌంటు రొయ్యలు పంపిస్తానని పోయినేడే మాటిచ్చినాడు." అంటూనే లోపలికి వెళ్ళబోయి, గుమ్మంలో ఆగి వెనుదిరిగింది. "మేడమ్మా, మూడుకీ నాలుగుకీ కూడా ఇప్పుడే పిలుస్తుండా. ఆ రెండు ఆదివారాలు వేరే పని పెట్టుకోబాక."

తేదీ తెలియని పనిని దినచర్యలో రాయడం నా నియమానికి విరుద్ధం. ఆ రోజు బడికి వెళ్ళగానే రెండు పేజీలు ఖాళీగా వదిలి, పైన వరుసగా రాసుకున్నాను: మూడో స్థాయి, నాలుగో స్థాయి. ఆరోహణ క్రమంలోనే.